అద్దాల అంగట్లో మెట్ల మలుపు

రాత్రి తొమ్మిది దాటితే ఎవరూ ఎక్కని మెట్లు పుదుచ్చేరిలో ఒక చోట ఉన్నాయి. పాడుబడ్డ ఇంట్లో కాదు, శ్మశానం దారిలోనూ కాదు — నడిబజారులో, ఊరంతా అద్దాల అంగడి అని పిలిచే పెద్ద మాళిగలో. కింద కిరాణా, ఆపైన గిన్నెలు, ఆపైన టీవీలు, మూడో అంతస్తులో చీరలు. చీరల కౌంటరు దాటాక గోడౌనుకి పోయే మెట్లున్నాయి. వాటి మధ్యలో ఒక మలుపు.

ఆ మలుపు దగ్గర ఒక ఆడమనిషి ఉంటుందని చెబుతారు. కనబడదట... గొంతు మాత్రం వినబడుతుందట.

“అక్కా... ఒక అయిదు నిమిషాలు... కూర్చుంటానక్కా...”

ఏసీ ఉన్న చోట, లిఫ్టు ఉన్న చోట దెయ్యమేమిటని నవ్వినవాళ్ళు ఉన్నారు. నవ్వనీండి. మనిషి ఎక్కడ చస్తే దెయ్యం అక్కడే ఉంటుంది గానీ, దానికి ప్రత్యేకంగా చింతచెట్టు కావాలని ఎవరూ రాసిపెట్టలేదు. నేను విన్నది విన్నట్టు చెబుతాను. మధ్యలో నాకు కోపం వస్తే మాత్రం ఆపుకోలేను, ముందే చెబుతున్నాను.

ఆ అంగడి యజమాని వెంకటాద్రి. అక్కడివాళ్ళు యజమానిని మొదలాళి అంటారు. ఈ మొదలాళి తాతకి కోసపాళయంలో చిన్న బట్టల కొట్టు ఉండేది. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద అమ్మేవాడూ కూర్చునేవాడు, కొనేవాళ్ళూ కూర్చునేవాళ్ళు. ఎండన పడి వచ్చారని మజ్జిగ తెప్పించేవాళ్ళు. కావలసింది కొనుక్కుని లేచిపోయేవాళ్ళు. ఆడి నెల, అంటే మన ఆషాఢం, వచ్చిందంటే ఎవరూ కొత్త బట్ట జోలికి పోరు గనక, ఆ నెలంతా తాతగారు ఈగలు తోలుకునేవాడు.

మనవడు ఆ ఆడి నెలనే జాతర చేశాడు. ‘ఆడి తగ్గింపు’ అని బజారు పొడుగునా గుడ్డలు కట్టించాడు. బీరువాలో మడత విప్పని చీరలు పది ఉన్న ఇల్లాలు కూడా తెల్లవారకముందే వచ్చి వాకిట్లో నిలబడింది. లోపలికి వచ్చి నలభై చీరలు విప్పించి, “ఇంకేమైనా కొత్తవి ఉన్నాయా?” అని అడిగింది. విప్పిన నలభై మళ్ళీ మడతపెట్టేది ఎవరు? ఆ సంగతి ఏ ఇల్లాలు అడిగింది?

మడతపెట్టే ఆడపిల్లలకి మొదట్లో కౌంటరు వెనక ఒక్కొక్క స్టూలు ఉండేది. మొదలాళి సింగపూరు చూసి వచ్చాడు. అక్కడి అంగళ్ళలో పిల్లలు బొమ్మల్లాగా నిటారుగా నిలబడి ఉన్నారట. వచ్చిన మర్నాడే స్టూళ్ళన్నీ లారీకి ఎత్తించాడు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడాల్సిందే. నెల తప్పిందని తెలిస్తే ఆ పిల్లకి పనే ఉండదు. అద్దాల వెనక చీరలు కట్టుకుని నిలబడ్డ బొమ్మలకి కాళ్ళు నొయ్యవు, కడుపులు రావు. మొదలాళికి అటువంటివాళ్ళే కావాలి!

అలివేలు మూడో అంతస్తుకి సూపర్‌వైజరు. నలభై ఏళ్ళ మనిషి, ముదలియార్‌పేట నుంచి బస్సులో వస్తుంది. పిల్లలు కూర్చోకుండా చూడటమే ఆమెకి అప్పగించిన పెద్ద పని. మంచిదే పాపం, ఎవరినీ గట్టిగా తిట్టి ఎరగదు. చూపుతోనే నిలబెట్టేది.

నేను చెప్పబోయే రాత్రికి ముందు ఏడాది, ఆడి అమ్మకాల్లో లోగనాయకి అనే పిల్ల ఏడో నెల కడుపుతో పని చేసింది. పని పోతుందని కొంగు నిండుగా కప్పి దాచుకుంది. అలివేలుకి తెలుసు. తెలిసీ బయటపెట్టకపోవడమే తాను చేసిన మేలు అనుకుంది. ఒక రాత్రి ఎనిమిదీ యాభైకి, కౌంటరు మీద చీరల గుట్ట ముందు నిలబడి ఆ పిల్ల అడిగింది.

“అక్కా, ఒక అయిదు నిమిషాలు కూర్చుంటానక్కా.”

అలివేలు గడియారం చూసింది. కొనేవాళ్ళని చూసింది.

“ఇంకా నలభై నిమిషాలే గదా. ఓర్చుకో తల్లీ.”

ఓర్చుకుంది. చీరల మూట ఎత్తుకుని గోడౌనుకి ఎక్కుతూ ఆ మలుపు దగ్గర పడిపోయింది. మర్నాడు ఆస్పత్రిలో పోయింది, కడుపులో బిడ్డతో సహా. మొగుడు నటేశన్ వచ్చి ఏం జరిగిందని అడిగితే, మొదలాళి హాజరు పుస్తకం తీసి చూపించాడు. ‘ఎనిమిదిన్నరకు పని ముగించి వెళ్ళినది’ అని రాసి ఉంది. అంగట్లో ఉండగా ఏమీ కాలేదని దానర్థం.

“అంతే గదా అలివేలూ?” అన్నాడు.

అలివేలు తల ఊపింది. నటేశన్ ఆమె మొహంలోకి ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఆమె మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు.

నెల తిరక్కుండానే మాటలు మొదలయ్యాయి. కాపలాదారు కరుప్పన్ పై నుంచి గొంతు విన్నానన్నాడు. లెక్క చూడటానికి పోయిన గుమస్తా, చీరల మూటల మీద మనిషి కూర్చుని లేచినట్టు గుంటలు చూశానని చెప్పి జ్వరం తెచ్చుకున్నాడు. మగవాళ్ళు పైకి పోవడం మానేశారు. “మేం ఆడవాళ్ళం, మమ్మల్ని ఏమీ చెయ్యదులే” అని కౌంటరు పిల్లలే ఇద్దరిద్దరుగా పోయి చీరలు పెట్టి వచ్చేవాళ్ళు.

ఊరి పేరు కాగితాల మీద పుదుచ్చేరిగా మారిన మరుసటి ఏడాది, ఆడి అమ్మకానికి ముందు రాత్రి. తెల్లవారితే జనం విరుచుకుపడతారు. అందరినీ ఆపి కింది అంతస్తుల్లో సరుకు సర్దిస్తున్నారు. పదిన్నర అయింది. మొదలాళి అలివేలుని కింద తన గదికి పిలిపించాడు. ఆయన గిర్రున తిరిగే ఆఫీసు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ఆమె నిలబడింది.

“దెయ్యం దెయ్యం అని బజారంతా పాకించేసినారు. కొనడానికొచ్చే ఆడోళ్ళు కూడా అడగతా ఉండారంట. ఇది దెయ్యం గాదు. నీ పిల్లలే ఎవురో ఆటలాడతా ఉండారు.”

“నాకు తెలీదు మొదలాళీ.”

“తెలుసుకో. ఇప్పుడే పైకి పో. ఎవురెవురు ఉండారో చూసి పేర్లు తీసుకోనిరా. తెల్లారి పూజకి ముందే వాళ్ళని పంపించేస్తా.” కుర్చీ ఇటు తిప్పాడు. “పేర్లు తేలేదంటే, నువ్వు కూడా రేపటి నుంచి ఇంటికాడే ఉండు.”

‘నువ్వే పోరాదా?’ అని నోటి దాకా వచ్చింది అలివేలుకి. అమావాస్య అమావాస్యకి వాకిట్లో గుమ్మడికాయ కొట్టే మనిషి, గల్లాపెట్టె మీద నిమ్మకాయ ఎండనివ్వని మనిషి — తాను మాత్రం ఎక్కడు. ఇంకొకరిని ఎక్కిస్తాడు. లోపల కుతకుతా ఉడికిపోతూ టార్చిలైటు తీసుకుని బయల్దేరింది.

కరెంటు ఖర్చని పై అంతస్తు దీపాలు ఆర్పేశారు. చీరల కౌంటరు చీకట్లో ఉంది. బొమ్మల మీద తెల్ల గుడ్డలు కప్పారు. వాటి మధ్య నుంచి నడుస్తుంటే ఏదో ఒకటి వెనక నుంచి కదిలినట్టే ఉంది. అలివేలు వెనక్కి చూడలేదు.

మొదటి మెట్టు... రెండో మెట్టు...

ఏడాదిగా ఎక్కని మెట్లు. టార్చి వెలుగు ఒక్కొక్క మెట్టు మీద వేసుకుంటూ ఎక్కింది.

పైన ఎవరో ఊపిరి వదిలారు.

అలివేలు ఆగింది. ఆ చప్పుడు ఆమెకి తెలుసు. రోజంతా నిలబడ్డ మనిషి కాళ్ళ మీది బరువు దించినప్పుడు మాత్రమే అట్లాంటి ఊపిరి వస్తుంది. బస్సులో సీటు దొరికిన రోజున తానూ అట్లాగే వదులుతుంది.

ఇంకో మెట్టు, మలుపు వచ్చింది. గాజుల చప్పుడు... ఆగిపోయింది. తర్వాత, చెవి పక్కనే అన్నట్టు—

“అక్కా... ఒక అయిదు నిమిషాలు...”

అలివేలు వెనక్కి తిరగబోయి గోడకి కొట్టుకుంది. టార్చి జారి మెట్ల మీద దొర్లుతూ కిందికి పోయి ఆరిపోయింది. చిమ్మచీకటి.

“...కూర్చుంటానక్కా...”

భయపడాల్సిన చోట ఏడాదిగా అణచుకున్న కోపమంతా పొంగింది అలివేలుకి. మొదలాళి మీద, నలభై చీరలు విప్పించిన ఆడవాళ్ళ మీద, అన్నిటికన్నా ఎక్కువగా తన మీద.

“కూర్చో!” అని అరిచింది చీకట్లోకి. “కూర్చో తల్లీ! అయిదు నిమిషాలేంది, తెల్లారేదాకా కూర్చో! నిన్ను నిలబెట్టింది నేనే... నా నోరు పడిపోనూ! ఎనిమిదిన్నరకే పోయిందంటే తల కూడా ఊపినా గదే...”

మలుపులోనే కూలబడి ఏడ్చింది.

కాసేపటికి పైన చీకట్లో నుంచి ఒక ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

దెయ్యాలు ముక్కు చీదవు!

అలివేలు గోడ పట్టుకుని లేచి, మిగిలిన మెట్లు ఎక్కి, గోడౌను గుమ్మం పక్క స్విచ్చి తడిమి నొక్కింది.

చీరల మూటల మీద ముగ్గురు ఆడపిల్లలు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నారు. జయంతి, హేమమాలిని, శృతి. ముగ్గురూ ఆమె కింద పని చేసేవాళ్ళే. జయంతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది, గొంతు మార్చి పిలిచింది తనే. శృతి పిన్నీసులు తీసి కుచ్చిళ్ళు వదులు చేసుకుంది. వదులు చేసిన చీరలో ఆరో నెల కడుపు దాగకుండా కనబడుతోంది. పాదాలు ఉబ్బి, చెప్పు పట్టీ పడ్డ చోట ఎర్రగా గీతలు తేలాయి.

“సిగ్గులేదటే మీకు!” అలివేలుకి ఒళ్ళు మండిపోయింది. “చచ్చినదాని గొంతు దొంగిలిస్తారా? దాని పేరు జెప్పి ఆటలాడతారా?”

హేమమాలిని లేవలేదు. మామూలుగా సూపర్‌వైజరు వస్తే గబుక్కున నిలబడే పిల్ల, కదలకుండా కూర్చునే బదులు చెప్పింది.

“బతికుండంగా ఆ అక్క అడిగితే మీరియ్యలేదు. చచ్చినాక ఆ అక్కే మాకిస్తా ఉండాది. దెయ్యం ఉండాదని భయపడితేనే గదా మీరెవురూ ఈడికి రారు. మనిషికి పది నిమిషాలు, వంతులేసుకోని కూర్చుంటా ఉండాం. అదీ తప్పేనా?”

“మొదలాళి పేర్లు తెమ్మన్నాడు,” అంది అలివేలు.

“మా పేర్లు ఇస్తారా అక్కా?” అని గొణిగింది శృతి. “ఇయ్యండి. నాకు ఇంగ నిలబడే ఓపిక లేదు.”

అలివేలు ఆ పాదాల వంక చాలాసేపు చూసింది. దీపం ఆర్పింది.

“కూర్చోనుండండి,” అని కిందికి దిగింది.

మొదలాళి కుర్చీలోనే ఉన్నాడు. “ఎవురు?” అన్నాడు ఆత్రంగా. “పేర్లు జెప్పు.”

“చూసినా మొదలాళీ.” అలివేలు గొంతు బొంగురు పోయి ఉంది, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. నటించాల్సిన పనేమీ లేకపోయింది. “కడుపుతో ఉండాది. చీరల మూట మీద కూర్చోనుండాది. కాళ్ళు రెండూ ఇంతింత లావు వాచుండాయి. ఇంగ నిలబడే ఓపిక లేదనింది.”

“ఎవురది?”

“పేరు నేను జెప్పాలనా మొదలాళీ? మీకు తెలీదా?”

వెంకటాద్రి పెదాలు తడుపుకున్నాడు. ఏడాదిగా ఆయన నోట రాని పేరు అది.

“...లోగనాయకి,” అన్నాడు, గాలితో అన్నట్టుగా.

అలివేలు అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆ మాట వినాలనే దిగి వచ్చింది.

“ఎనిమిదిన్నరకి పోయిందని మీరు రాయించినారు. నేను తల ఊపినా. ఎనిమిదీ యాభైకి ఆ పిల్ల నా ఎదురుగా నిలబడి అడిగె. ఇంగోసారి నన్నెవురైనా అడిగితే ఉండేదే చెప్తా, నటేశన్ ఇంటికి పోయి నేనే చెప్తా. అది వేరే సంగతి. ఇప్పుడు దీనికేం జేస్తారు?”

“మంత్రగాణ్ణి పిలిపిద్దాం. తెల్లారేలోపల—”

“మంత్రగాడేంది? మన పెద్దోళ్ళు ఏం జేసేవాళ్ళు? కడుపుతో మోస్తా మోస్తా చచ్చిపోయిన ఆడదానికి ఏం పెట్టేవాళ్ళు?”

వెంకటాద్రికి తెలుసు. ఆ ప్రాంతంలో పాత బాటల వెంట నిలబెట్టిన రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. రెండు నిలువు రాళ్ళు, వాటి మీద ఒక అడ్డ రాయి. కడుపులో బరువు దించకుండానే పోయిన ఆడదాని పేరు మీద ఆమె వాళ్ళు నిలబెట్టించేవాళ్ళు. దారిన పోయేవాళ్ళు నెత్తి మీది బరువు ఆ రాతి మీద దించుకుని సేద తీరితే, పోయినదాని బరువూ దిగుతుందని నమ్మకం. సుమైతాంగి, అంటే బరువు మోసేది, అంటారు దాన్ని. చిన్నప్పుడు అమ్మమ్మ ఊరికి పోయే దారిలో అటువంటి రాతికి చేతులెత్తి మొక్కి గానీ వాళ్ళ అమ్మ అడుగు ముందుకు వేసేది కాదు.

“సుమైతాంగి... అంగట్లోనా?” అన్నాడు.

“ఆ పిల్ల ఏ చోట అడిగిందో ఆ చోటే. చీరల కౌంటరు పక్కన. ఈడ మోసేది నెత్తిన గాదు, కాళ్ళ మీద. అందుకని నిలువెత్తు వద్దు, మోకాలెత్తు చాలు. మోసి మోసి అలిసిన ఆడోళ్ళు దాని మీద బరువు దించాల. కూర్చున్నోళ్ళని లేపకూడదు. లేపినోళ్ళకి ఆ బరువు చుట్టుకుంటుంది.”

చివరి మాట ఏ పెద్దలూ చెప్పింది కాదు. అప్పటికప్పుడు అలివేలే కల్పించింది. వెంకటాద్రి మాత్రం చొక్కా గుండీ దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు.

“ముందుగా కడుపుతో ఉండే ఆడది కూర్చోవాల,” అంది.

“తెల్లారేసరికి కడుపుతో ఉండేదాన్ని యాడ తెచ్చేది? మన అంగట్లో అట్లాంటోళ్ళని పెట్టుకోము గదా!”

ఎంత గర్వంగా అన్నాడో చూడండి! అలివేలు పళ్ళు బిగబట్టుకుంది.

“నేను చూస్తాలెండి,” అంది.

అంగడి కట్టినప్పుడు మిగిలిన కడప రాతి పలక ఒకటి వెనక దొడ్లో పడి ఉంది. కరుప్పన్ నలుగురిని పిలుచుకుని రాత్రికి రాత్రే దాన్ని మూడో అంతస్తు ఎక్కించాడు. అటూ ఇటూ ఇటుకలు పేర్చి, సిమెంటు మెత్తి, పలక వేశారు. బరువుకి ఆగుతుందో లేదో అని కరుప్పనే ఎక్కి గట్టిగా తొక్కి చూశాడు. తెల్లవారుజామున దానికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, ఒక మూర మల్లెపూలు వేశారు.

ఏడున్నరకి పూజ. కింద వాకిట్లో జనం అప్పుడే తలుపులు బాదుతున్నారు. మూడో అంతస్తులో పద్దెనిమిది మంది ఆడపిల్లలూ వరసగా నిలబడ్డారు. మొదలాళి పంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని, కర్పూరం వెలిగించి చేతులు జోడించాడు.

“ఎవురమ్మా?” అన్నాడు అలివేలు వైపు తిరిగి. “ఆ కడుపుతో ఉండే మనిషిని పిలువు. జనం వచ్చేస్తా ఉండారు.”

అలివేలు వరస వైపు చూసింది. శృతి కదలడానికి జంకింది. హేమమాలిని వెనక నుంచి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

శృతి రెండడుగులు ముందుకు వచ్చింది. అందరి ఎదుటా నడుం దగ్గర పిన్నీసు తీసింది, కొంగు దగ్గర ఇంకోటి తీసింది. రెండు నెలలుగా బిగించి దాచిన కడుపు బయటపడింది. నెమ్మదిగా వంగి, ఒక చెయ్యి రాతికి ఆనించుకుని కూర్చుంది. కూర్చుని, గట్టిగా ఊపిరి వదిలింది.

మొదలాళి మొహంలో రంగు మారింది. ముందు ఆ పిల్ల యూనిఫారం చీర వైపు, తర్వాత కడుపు వైపు, ఆ తర్వాత అలివేలు వైపు చూశాడు.

“ఈ పిల్ల... మన... ఎన్నో నెల? నీకు తెలుసునా?” పళ్ళ మధ్య నుంచి గుసగుసలాడాడు.

“తెలుసు.”

“తెలిసీ నాకు—”

కర్పూరం ఇంకా మండుతోంది. కింద తలుపులు తెరిచారు, జనం మెట్లెక్కి వస్తున్న రొద దగ్గరపడుతోంది. అలివేలు మొదటిసారి ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

“అదో, కూర్చోనుండాది,” అంది. “మీకు ధైర్యం ఉంటే లేపండి మొదలాళీ.”